నయీగ్ అందుకోని చరణం

ఫ్రాన్సు పడమటి కొసన ఉన్న మా బ్రెటన్ కొండపల్లెల్లో నాట్యానికి వాద్యాలతో పని లేదు, రెండు గొంతులు చాలు. ఒకరు చరణం ఎత్తుకుంటారు. దాని చివరి ముక్క మీద రెండోవారు గొంతు కలిపి, అదే చరణాన్ని తిరిగి పాడతారు. ఆ సందు లేని పాట మీదే చేతులు పట్టుకున్న జనం వరసగా అడుగులేస్తారు. మా ఊరు కెర్‌వెన్‌లో ఎత్తుకునేవాడు లోమిగ్, అందుకునేది నయీగ్. నలభై ఏళ్లుగా అదే జంట.

నయీగ్ పాటలన్నీ పాలు పితుకుతూ తల్లి దగ్గర నేర్చుకున్నవి. చిన్నప్పుడు బడిలో ఫ్రెంచి కాకుండా ఇంటి భాష బ్రెటన్ మాట్లాడినందుకు ఆమెనూ లోమిగ్‌నూ పక్కపక్కనే మోకాళ్ల మీద నిలబెట్టారు. ఆనాటి కసితో ఆ ఇద్దరూ తమలో తాము ఒక్క ఫ్రెంచి ముక్క మాట్లాడుకోలేదు. కానీ కూతురికి ఆ అవమానం వద్దని నయీగ్ ఇంట్లో ఫ్రెంచే మాట్లాడింది. ఆ తరానికి బ్రెటన్ అలా దూరమైపోయింది. తర్వాత ఊరి బడిలో బ్రెటన్ తరగతి పెట్టారు. మనవరాలు ఎనోరా అక్కడ చేరి, ఒకరోజు బ్రెటన్‌లో "అమ్మమ్మా" అని పిలిచింది. నయీగ్ పశువుల కొట్టంలోకి పోయి కరువుదీరా ఏడ్చింది.

ఇప్పుడు మేయరు కన్ను ఆ తరగతి గది మీద పడింది. తరగతి ఎత్తేసి, అందులో పాత దుస్తులు, చెక్క చెప్పులు, వెన్న చిలికే కుండలు పెట్టి టూరిస్టులకు చూపిస్తాడట. లోమిగ్ ఊరి కౌన్సిల్లో సభ్యుడు. నయీగ్ ఇంట్లో వేడివేడి బక్‌వీట్ పిండి అట్లు లాగిస్తూ మాటిచ్చాడు.

"ఏమే, నన్నే అనుమానిస్తావా? ఆ గది పోతే నా నాలుక కోసెయ్!"

"నీ నాలుక నేనేం చేసుకోనురా? చెయ్యెత్తు, చాలు."

ఓటింగు రోజు నయీగ్ వెనక బెంచీలో కూర్చుంది. తరగతి ఉంచాలన్నవాళ్లు చేతులెత్తమన్నారు. లోమిగ్ చేతులు బల్ల మీదే ఉన్నాయి. గది ఒక్క ఓటుతో పోయింది. చెయ్యెత్తుతానన్న మనిషి నిలువునా చెయ్యిచ్చాడు.

మెట్ల దగ్గర అతన్ని పట్టుకుంది. "ఎంతకి అమ్ముడుపోయావురా?"

"అంతంత మాటలెందుకే? ఎండాకాలం ఉత్సవానికి నన్ను పెద్దగా వేస్తానన్నాడు మేయరు. భాష ఎక్కడికి పోతుందే? మనం పాడుతూనే ఉంటాంగా!"

నయీగ్ ఒళ్లు మండిపోయింది. శత్రువైతే తిట్టి ఊరుకునేది. పక్కన మోకాళ్ల మీద నిలబడ్డవాడే గొంతు కోశాడు.

ఆదివారం మధ్యాహ్నం నాట్యానికి ఆమె వచ్చింది. కోపం దిగిపోయిందనుకున్నారందరూ. లోమిగ్ కూడా అనుకున్నాడు పాపం, హుషారుగా చరణం ఎత్తుకున్నాడు. చివరి ముక్క వచ్చింది. నయీగ్ పెదవి విప్పలేదు. నాట్యం చేస్తున్నవాళ్లు అడుగు తడబడి ఆగిపోయారు. అతను మళ్లీ ఎత్తుకున్నాడు. మళ్లీ అదే.

"ఏమైందే నీకు? అందుకో!" అన్నాడు లోమిగ్ బ్రెటన్‌లో.

నయీగ్ అతనికేసి తిరిగింది. పరాయివాడితో మాట్లాడినట్టు, మర్యాదగా, ఫ్రెంచిలో జవాబిచ్చింది.

"క్షమించండి, మీ మాట నాకు అర్థం కావడం లేదండీ."

లోమిగ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. నయీగ్ వేదిక దిగి ఎనోరా చెయ్యి పట్టుకుంది.

"పదవే తల్లీ, ఇంటికెళ్లి పాడుకుందాం," అంది బ్రెటన్‌లో, అతనికి వినబడేలా.