అమ్మ చెయ్యి, కుళాయి నీళ్ళు, చిట్టి జ్వరం

మా చిన్నప్పుడు షార్జాలో రోలా అనే పేటలో, ఎండాకాలం వస్తే చల్లనీళ్ళ కుళాయి తిప్పినా వేణ్ణీళ్ళే వచ్చేవి... ట్యాంకులు డాబా మీద ఉండేవి కదా. గీజరు ఆపేసి, అందులో నిలవుండి చల్లారిన నీళ్ళతో స్నానాలు కానిచ్చేవాళ్ళం. అంట్లు తోమడం మాత్రం కుళాయి కిందే. అమ్మ చేతులు ఎర్రగా కమిలిపోయేవి.

రెండువేల నాలుగు అనుకుంటా. నాకు తొమ్మిదేళ్ళు, చెల్లి చిట్టికి ఏడు నెలలు. ఫ్లాట్‌లో ఒక గది మాది, రెండోది ఓ మలయాళీ నర్సు ఆంటీది. వంటిల్లు ఉమ్మడి.

మా ఇంట్లో జ్వరం చూడ్డానికి ఓ వరస ఉండేది. ముందు అమ్మ చెయ్యి... నుదుటి మీద, మెడ కింద. ఆ చెయ్యి ఔనంటేనే థర్మామీటరు బీరువాలోంచి బయటికొచ్చేది. గుంటూరు నుంచి తెచ్చుకున్న పాదరసం గొట్టం. నాన్న దాన్ని విదిలించి విదిలించి, నాకైతే నాలుక కింద, చిట్టికైతే చంకలో పెట్టేవారు. చంకలో చూస్తే ఒక డిగ్రీ కలుపుకోవాలని ఆయన లెక్క. నిజమో కాదో మేమెవరమూ అడగలేదు. అమ్మకి మాత్రం దాని మీద గురి లేదు. తన చేతికి తెలియనిది ఆ గాజుపుల్లకేం తెలుస్తుందనేది.

ఆ రోజు మధ్యాహ్నం చిట్టి పాలు తాగలేదు... మూలుగుతూ పడుకుంది. ఏసీ గదిలో దాని పక్కనే ఉన్నాను. చెయ్యి వేస్తే కాలిపోతోంది. వెళ్ళి చెప్పాను. అంట్లు తోముతున్న అమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, నుదురు చూసింది, మెడ చూసింది.

"చల్లగానే ఉంది కదే. ఏసీలో కూర్చున్నావుగా, నీ చేతికి అన్నీ వేడిగానే ఉంటాయి" అంది.

మాట సబబుగానే ఉంది. తన చెయ్యి ఏ నీళ్ళలోంచి వచ్చిందో మాత్రం ఇద్దరికీ తట్టలేదు. మరో రెండుసార్లు పిలిచాను. రెండుసార్లూ కుళాయి దగ్గర్నుంచే వచ్చింది... చూసింది, వెళ్ళిపోయింది.

నాలుగింటికి ఆంటీ డ్యూటీ నుంచి వచ్చింది. మూలుగు విని లోపలికొచ్చి, చిట్టి పొట్ట మీద చెయ్యి తిరగేసి పెట్టింది. పరుగున వెళ్ళి చెవిలో పెట్టి చూసే మెషీను తెచ్చింది. అది కూత పెట్టింది. ముప్పై తొమ్మిదిన్నర, సెల్సియస్‌లో. తొంభై ఎనిమిది, నూరు అనే ఫారెన్‌హీట్ లెక్క తప్ప తెలియని అమ్మకి ఆ అంకె చిన్నగానే కనిపించి ఉంటుంది, ఊపిరి పీల్చుకుంది.

ఆంటీ అమ్మ అరచెయ్యి పట్టుకుని చూసింది. "దీదీ, ఆప్‌కా హాథ్ హీ గరమ్ హై. బచ్చీకో బహుత్ బుఖార్ హై. యల్లా, అభీ చలో." నీ చెయ్యే వేడిగా ఉంది, పాపకి బాగా జ్వరంగా ఉంది, త్వరగా పద అంటోంది.

అమ్మ తన చేతుల వంక చూసుకుంది. దుబాయ్‌లో ఆఫీసులో ఉన్న నాన్నకి ఫోన్ చేసి, ముగ్గురం చిట్టిని తీసుకుని టాక్సీ ఎక్కాం. క్లినిక్‌లో, ఇంత చిన్నపిల్లకి చెవిలో చూసింది చాలదని డాక్టరు థర్మామీటరు వెనకనుంచి పెట్టి చూశాడు. నలభై. పొద్దుట్నుంచీ ఎవరూ ఒళ్ళు ముట్టుకుని చూడలేదా అని అడిగాడు. అమ్మ చేతులు కొంగులోకి దాచుకుంది.

చిట్టి నాలుగు రోజుల్లో కోలుకుంది. కానీ ఆ తర్వాత అమ్మ మా ఎవరి నుదుటి మీదా చెయ్యి వెయ్యలేదు. ఒంట్లో బాగా లేదంటే థర్మామీటరు చేతికిచ్చి దూరంగా నిలబడేది. ఆ చెయ్యి లేక నాకు చాలా వెలితిగా ఉండేది... ఎప్పుడూ చెప్పలేదు.

పోయిన నెల మావాడికి జ్వరమొచ్చింది. ఇప్పటి మెషీను పిల్లాడిని ముట్టుకోను కూడా ముట్టుకోదు... నుదుటికి బెత్తెడు దూరంలో పెట్టి నొక్కితే అంకె వస్తుంది. ముప్పై ఎనిమిది పాయింట్ మూడు. అమ్మ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. అంకె చూపించకుండా అడిగాను.

"అమ్మా, నువ్వోసారి చెయ్యి పెట్టి చూడవూ."

 అమ్మ పొడి చేతుల్నే మళ్ళీ కొంగుకి తుడుచుకుని వచ్చి, మనవడి నుదుటి మీద పెట్టింది.

"నూటొకటి ఉంటుంది" అంది మెల్లిగా.

ఫోనులో ఫారెన్‌హీట్‌లోకి లెక్క మార్చి చూశాను. నూటొకటికి ఒక్క పాయింటు తక్కువ. ఆ మాట చెప్పినా అమ్మ చెయ్యి తియ్యలేదు.

మీ ఇంట్లో జ్వరం ముందుగా ఎవరి చేతికి తెలిసేది... ఆ చెయ్యి గుర్తుంటే, రాయండి.