రెండోసారి కూర్చోమంటే

ఆమదాలవలసలో మాకు రైల్వే గుమాస్తా ఇంటర్వ్యూలు నేర్పిన మాస్టారు ధాన్యం బస్తా మీద దొరలా కూర్చునేవారు. ఆ బస్తా ముందు లండన్ సింహాసనం దిగదుడుపే. “దొర ఒకపాలి కూకోమనగానే కూలబడిపోకు, మర్యాద కాదు. రెండోపాలి అన్నాకే కూకో,” అని రోజుకు వెయ్యిసార్లు చెప్పేవారు.

వాల్తేరులో ఇంటర్వ్యూ నాడు చూద్దును కదా, వరుసలో నా ముందు ఆయనే! అదే ఉద్యోగానికి ఆయనకది తొమ్మిదోసారట. లోపలికెళ్లి, నా ఆవలింత పూర్తయ్యేలోపే బయటికొచ్చారు.

“ఏటయినాది మాస్టారూ?”

“నిలబడే ఉండిపోనాను. ఈపాలీ ఆడు రెండోమాట అన్నేదురా,” అంటూ నీరసంగా నా కాలరు సరిచేశారు. “నువ్వు ఒకపాలికే కూకో.”

కూర్చున్నాను. ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాత మాస్టారు అందరికీ ఒకసారికే కూర్చోమని నేర్పారట. తాను మాత్రం పదోసారి కూడా నిలబడే తిరిగొచ్చారు.