క్షయ కాదు, చీముగడ్డ

అప్పుడింకా నిజాం రాజ్యమే. నానక్‌రామ్‌గూడలో ఇప్పుడు అద్దాల మేడలున్న చోట మా అత్తగారి జొన్నచేను ఉండేది. కాపురానికి వచ్చి రెండేళ్లయినా కాకముందే నాకు న్యుమోనియా వచ్చింది. జ్వరం తగ్గిందనుకునేలోగా మళ్లీ వణుకు పట్టుకుంది. ఒకరోజు దగ్గుతుంటే నోటినిండా చీము పడింది, అందులో నెత్తుటి చారలు. ఆ కంపు ఇల్లంతా కమ్మింది.

అత్త ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గడపలోనే నిలబడింది.

"ఇది క్షయనే. పిల్లలు తిరిగే ఇల్లు. దాన్ని కొట్టంల పండబెట్టుండ్రి."

ఎవరూ నాడి చూడలేదు, దవాఖానకు తీసుకుపోలేదు. నా మంచం బర్రెల కొట్టంలోకి పోయింది. తోటికోడలు అంబలి గిన్నె దూరంగా పెట్టి కర్రతో నావైపు నెట్టేది. ఆ చప్పుడుకు ఒళ్లు మండిపోయేది. లేచి ఆ కర్ర విరిచేద్దామంటే చేతుల్లో సత్తువ లేదు. నా భర్త ఒక్కసారి వచ్చాడు. "ఎట్లున్నది?" అని వాకిట్లోంచే అడిగి, జవాబు వినకుండా వెళ్లిపోయాడు.

కబురు తెలిసి మా అన్న బండి కట్టుకుని వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడకుండా నన్ను ఎత్తుకుని బండిలో గడ్డి మీద పడుకోబెట్టాడు. లింగంపల్లిలో రైలెక్కించి పట్నంలో పెద్ద దవాఖానకు చేర్చాడు.

తెమడ పరీక్షలూ ఎక్స్‌రేలూ చూసి డాక్టరు అన్నాడు: "క్షయ కాదమ్మా. ఊపిరితిత్తిల చీముగడ్డ లేచింది. న్యుమోనియా వచ్చినోళ్లల్ల ఎక్కడనో ఒక్కరికి గిట్లయితది. ఫికర్ చెయ్యకు, కొత్త మందున్నది."

పెన్సిలిన్ పేరు వినడం అదే మొదలు. వారాల తరబడి రాత్రీ పగలూ సూదులే. నర్సు నన్ను బోర్లా పడుకోబెట్టి, తల మంచం అంచునుంచి కిందికి వేలాడేసి, వీపు తట్టేది. చీము కిందున్న గిన్నెలో పడేది. ఆమె ఒక్కనాడూ ముక్కు మూసుకోలేదు.

నయమై అన్న ఇంటికి వచ్చాక అత్త, నా భర్త వచ్చారు.

"మాకేమెరుక? అందరు క్షయనే అన్నరు. ఇగ పోదాం పా. బర్రెలు పిండెటోళ్లు లేక పరేషానైతున్నం," అంది అత్త.

"అందరంటే ఎవరు? ఒక్క డాక్టరునన్న అడిగిండ్రా?" నా గొంతు వీధిదాకా వినిపించి ఉంటుంది. "క్షయనే అయితే మాత్రం, మనిషిని పసులల్ల పడేస్తరా?"

నా భర్త తల దించుకుని బయటికి నడిచాడు. నేను కదల్లేదు.

చాన్నాళ్లకు అతను లింగంపల్లిలో గది కిరాయికి తీసుకుని, ఒక్కడే వచ్చి పిలిస్తే వెళ్లాను. కాపురం చేశాను, పిల్లల్ని కన్నాను. అత్తగారి ఇంట్లో మాత్రం మళ్లీ మంచినీళ్లు కూడా ముట్టలేదు.