గడ్డమున్న బర్రె

ఎల్లారెడ్డిలో ఒక పాల కేంద్రాన్ని తెరిచిన రోజే మూయించబోయిన ఘనుణ్ణి నేను. అదీ పైథాన్‌తో. భయపడకండి, పాము కాదు, కంప్యూటర్‌కు పని చెప్పే భాష. కాటు మాత్రం నాకే పడింది.

రెండు వేల పన్నెండులో కామారెడ్డిలో నర్సింలన్న ఫ్లెక్సీల షాపులో పనిచేసేవాణ్ణి. చిన్న ఫొటోను ఫ్లెక్సీ మీద సాగదీస్తే మనిషి మొహం గళ్లు గళ్లుగా, పలకలు పరిచిన నేలలా తయారవుతుంది. అందుకని ఒక ప్రోగ్రాం రాశాను. పేరు చెబితే చాలు, నెట్‌లో వెతికి ఫొటోలన్నీ ఒక ఫోల్డర్‌లో పోస్తుంది. అందులో చిన్నవాటిని చెరిపేసి, అన్నిటికన్నా పెద్దదాన్ని బ్యానర్‌లో కూర్చోబెడుతుంది.

"మంచిగున్నదా లేదా గూడ చూస్తదా తమ్మీ?" అన్నాడు నర్సింలన్న.

"పెద్దగుంటే మంచిగనే ఉంటది అన్నా!" అన్నాను. ఎంత పొగరో చూశారా?

అప్పుడు దిగింది ఎల్లారెడ్డి సాయవ్వ. తెల్లారితే ఆమె పాల కేంద్రం ప్రారంభం.

"నీకు పాలెవరు పోస్తరని ఎదురుంగున్న డైరీవోడు నవ్వుతున్నడు బిడ్డా. బ్యానర్ జూసి మంది రావాలె. మా లచ్చిమి ఫొటో పెట్టు" అంటూ సెల్‌ఫోన్‌లో తీసిన తన బర్రె ఫొటో ఇచ్చింది.

దాన్ని కూడా ఆ ఫోల్డర్‌లోనే పడేసి, 'బఫెలో' అని కొట్టి, దర్జాగా చాయ్ తాగడానికి వెళ్లాను. వచ్చేసరికి బ్యానర్ తయారు. ప్రింటుకిచ్చి, చుట్ట చుట్టి బస్సెక్కించాను. చూడలేదా అంటారా? ప్రోగ్రాం చూసింది కదండీ!

పొద్దున్నే ఫోన్.

"గిదేందిరా?"

"బర్రె అవ్వా."

"బర్రెకు గడ్డముంటదారా? గూని గూడ ఉన్నది!"

కంప్యూటర్‌లో తెరిచి చూశాను. "అది... అమెరికా అడివి బర్రె అవ్వా. ఆడ దాన్ని గూడ బఫెలో అనే అంటరు."

"పాలిస్తదా అని మంది అడుగుతున్నరు. ఆడిదా, మొగదా? జెర జూసి చెప్పు."

బొమ్మను పెద్దది చేసి చూశాను. ఇంకొంచెం పెద్దది చేశాను.

"దున్నపోతు అవ్వా."

"మరి మా లచ్చిమేది?"

"చిన్నగున్నదని... ప్రోగ్రాం తీసేసింది."

"మా లచ్చిమి చిన్నదా? నువ్వు ఈడికి రా!"

నా ఫోన్‌లో ఇంకా మిగిలున్న ఫొటోతో లచ్చిమిని అచ్చేసిన కొత్త బ్యానర్ చంకలో పెట్టుకుని ఎల్లారెడ్డిలో దిగాను. సాయవ్వ అప్పటికే అసలు లచ్చిమిని తెచ్చి బ్యానర్ కింద కట్టేసింది. గడ్డం బర్రెను చూడ్డానికి ఊరు ఊరంతా వచ్చింది. వచ్చినవాళ్లు లచ్చిమి పొదుగు చూసి, ఈమెకు పాల సంగతి తెలుసని నమ్మి, ఇండ్లకు పోయి పాలు తెచ్చి పోస్తున్నారు. ఎదుటి డైరీవాడు కూడా గడ్డం చూడ్డానికి ఇక్కడే నిలబడ్డాడు. హమ్మయ్య అనుకున్నానో లేదో, సాయవ్వ నా చెయ్యి పట్టి లాగి లచ్చిమి పక్కన నిలబెట్టింది.

"ఇగ జెప్పు. చిన్నదా?"

అప్పుడే లచ్చిమి తన ముందుకాలు తెచ్చి తాపీగా నా పాదం మీద పెట్టింది.

"పెద్దదే అవ్వా! శానా పెద్దది!"

ఆ గిట్ట సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కంటితో చూడకుండా ఇకమీదట ఏ బొమ్మనూ చిన్నదని పారేయను. బర్రెనైతే, పక్కన నిలబడి కొలుచుకున్నాకే మాట్లాడతాను.