తలుపులు ఊడదీసే బాబాయి

ఆసుపత్రి తలుపులతో వడ్రంగి బాబాయి ఊరి చివర ఇల్లు కట్టుకున్నాడని అందరూ చెప్పుకునేవారు. ఆ ఇంటికి గోడలే లేవట, చుట్టూ తలుపులేనట. ఎవరైనా వచ్చి తడితే, ఏ తలుపు తియ్యాలో తెలియక బాబాయి లోపల పరుగులు పెడతాడట.

పుకారు ఊరికే పుట్టలేదు. ముప్పయ్యేళ్లుగా ఆ ఆసుపత్రిలో పనిచేస్తున్న బాబాయికి ఈమధ్య ఒక జబ్బు పట్టుకుంది: తలుపు కనబడితే చాలు, ఊడదీయాలి. తలుపు ముందు నిలబడి, తల పక్కకు వంచి, కొత్త అల్లుణ్ణి నిలదీసే మామగారిలా "నువ్వెందుకు?" అని అడిగేవాడు. తలుపు జవాబు చెప్పదు కదా. స్క్రూడ్రైవర్ బయటికొచ్చేది.

ఆయన కనబడగానే పళ్ల డాక్టరుగారు తన తలుపుకు వీపు ఆనించి నిలబడేవారు.

"నాది వదిలెయ్ బాబాయ్! లోపల పేషెంటు నోరు తెరుచుకుని ఉన్నాడు."

"మీది దారిలో లేదు లెండి. కంగారు పడకండి."

ఏ దారి అని ఆయనా అడగలేదు, ఇంకెవరూ అడగలేదు.

చీటీల కిటికీ దగ్గర కూర్చునే అమ్మాయి బాబాయికి అన్న కూతురు. చదువు పదో తరగతిలో ఆగింది. బాబాయితో తప్ప మాటలు అంతకుముందే ఆగాయి. చూడటం మాత్రం ఆగలేదు. బాబాయి ఊడదీసే తలుపులన్నీ గేటు నుంచి స్కాన్ గదికి వెళ్లే నడవలోనివేనని ఆమె కనిపెట్టింది.

"ఎందుకు బాబాయ్?"

"పక్షవాతం వస్తే తలలో రక్తం గడ్డకడుతుందటే. స్కాన్ చూస్తేగాని కరిగించే ఇంజెక్షన్ ఇవ్వరు. మొన్నొకాయన్ని తెస్తే స్ట్రెచర్ ప్రతి తలుపు దగ్గరా ఆగింది. ఒకటి లోపలికి తోయాలి, ఒకటి బయటికి లాగాలి, ఇంకోదాని తాళంచెవి భోజనానికెళ్లింది! ఆఖరికి ఇంజెక్షన్‌కు వేళ దాటిపోయిందన్నారు." కిటికీ వైపు చూశాడు. "చీటీ రాసేదాకా నువ్వూ ఆపుతావుగా. ఇదీ తలుపే."

"నా కిటికీ జోలికొస్తే పిన్నితో చెప్తా."

తొమ్మిదో తలుపు పోయాక సూపరింటెండెంటుగారు కాగితం పంపారు. సోమవారం పదకొండింటికల్లా తొమ్మిదీ బిగించాలి, లేదంటే ఉద్యోగం పోతుంది. బాబాయి ఆ కాగితాన్ని మడిచి చెవి మీది పెన్సిల్ పక్కన దోపుకున్నాడు. ఆ పూట మాత్రం అన్నం ముట్టలేదని పిన్ని చెప్పింది.

సోమవారం పదిన్నరకు ఒక దర్జీని తెచ్చారు. మూతి ఒకవైపుకు జారింది. కుడిచెయ్యి స్ట్రెచర్ పక్కన వేలాడుతోంది.

"ఇందాకే మిషన్ మీద ఒరిగిపోయాడమ్మా! ఆ చేత్తోనే మా బతుకు," అంది భార్య.

స్ట్రెచర్ తోసేవాడు అలవాటుగా కిటికీ దగ్గర ఆగాడు. అమ్మాయి అలవాటుగా కలం తీసింది. ఆ చేతినే చూసింది. కలం పడేసింది.

"ఆగొద్దు!"

హాలంతా తిరిగి చూసింది. పళ్ల డాక్టరుగారు పట్టకారుతో సహా బయటికొచ్చారు. ఈ పిల్లకు గొంతుందని ఎవరికీ తెలియదు మరి.

"చీటీ తర్వాత రాస్తా! స్కాన్‌కు పోవయ్యా, పో!" ఆమే ముందు పరుగెత్తింది. "తప్పుకోండి! తప్పుకోండి!"

జాబితా పట్టుకుని ఖాళీ గుమ్మాలు లెక్కపెడుతున్న సూపరింటెండెంటుగారు గోడకు బల్లిలా అతుక్కుపోయారు. తొమ్మిది గుమ్మాలు దాటినా స్ట్రెచర్ ఒక్కచోట ఆగలేదు.

"గేటు నుంచి సూదిదాకా ఇరవై రెండు నిమిషాలు!" కుర్ర డాక్టరు గడియారం చూసి అరిచాడు. "పోయిన నెల గంటన్నర!"

పదకొండయింది. బాబాయి ఉద్యోగం తీసెయ్యాల్సిన సూపరింటెండెంటుగారు దర్జీ మంచం దగ్గరే నిలబడిపోయారు. పన్నెండు దాటాక కుడిచేతి బొటనవేలు కదిలింది. ఆయన బాబాయిని పిలిపించారు.

"తొమ్మిదీ బిగించావా?"

"లేదండి."

"బతికించావు. దారిలో ఇంకా ఏమైనా అడ్డున్నాయా?"

బాబాయి అన్న కూతురి వైపు చూశాడు. "ఒకటుండేదండి. ఇవాళ దానంతటదే పోయింది."

పక్షవాతం వాళ్ల చీటీలు అప్పటినుంచి స్కాన్ గది పక్కనే రాస్తున్నారు.

తలుపులు ఊరి చివరికి వెళ్లలేదు. మేడ మీది వ్యాయామం గదిలో కాళ్లూ చేతులూ మళ్లీ అలవాటు చేసుకునేవాళ్లకు ఇదివరకు నేలే గతి. ఇప్పుడు అక్కడ బాబాయి తన సెలవురోజుల్లో చిత్రిక పట్టి కాళ్లు బిగించిన తొమ్మిది బల్లలున్నాయి. మూడు వారాల తర్వాత దర్జీ కుడిచేత్తో మొదటి గుండీ కుట్టింది వాటిలో ఒకదాని మీదే. దాని అంచున తాళంచెవి కన్నం ఇంకా ఉంది.