లచ్చవ్వ ఇంటి ఫలాఫెల్, గంట తరువాతి చాయ్

గత గురువారం ఉదయం సూరత్‌ కతర్‌గామ్‌లో ఒక మిత్రుని ఇంట కూర్చొని ఉండగా లచ్చవ్వ కుమారుడు రవి ఫోన్ చేశాడు. "మామా, అమ్మ లేదే. పొద్దుగాల లేపితే లేవలే" అన్నాడు. "సరిగ్గ లేపినవా?" అని అడిగాను. ఆ ప్రశ్న ఎంత వెర్రిదో ఆటో ఎక్కాక గాని తెలియలేదు. సూర్యోదయానికి ముందే పొయ్యి వెలిగించే మనిషిని మరొకరు లేపవలసి వచ్చిందన్న సంగతి నా బుద్ధి ఇప్పటికీ అంగీకరించడం లేదు.

కోసాడ్ కాలనీ తెలుగువారికి ఆమెను పరిచయం చేయనక్కర లేదు. తక్కినవారి కోసం చెబుతున్నాను. మరమగ్గాల కార్మికులకు తన రెండు గదుల ఇంట్లోనే మెస్ నడిపిన అన్నపూర్ణ లచ్చవ్వ. బడి నుంచి రిటైరై, భార్యను పోగొట్టుకున్న నేను కూడా ఆ పంక్తిలోనే తినేవాణ్ని. నన్ను "పంతులన్నా" అని పిలిచేది. ఆమె చేసే ఫలాఫెల్, అంటే అరబ్బుల శనగవడ, రుచి చూడటానికి దేశదేశాల నుంచి జనం తరలివచ్చేవారు. కాస్త తగ్గించుకుంటాను. ఇచ్ఛాపూర్ ఫ్యాక్టరీ నుంచి ఇద్దరు ఒడియా కుర్రాళ్లు వచ్చేవారు. వారిలో ఒకడు మొదటిసారి దారి తప్పి పక్క బ్లాకులో భోంచేసి పోయాడు.

సూరత్‌లో ఆమెకు ఫలాఫెల్ ఎందుకు అవసరమైందో చెప్పాలి. అప్పుడు కోడలు స్వప్న గర్భవతి. ఇంట్లోనే కూర్చొని చీరలకు రాళ్లు అంటించే పని చేసేది. చాయ్, టోస్టులతోనే రోజంతా గడిచేది. మాంసం వాసనకే వాంతి, ఆకుకూర చూస్తే తల తిప్పుకొనేది. అప్పటికి కొత్తగా ఈ ఊరికి వచ్చిన మన తెలుగు డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి, "రక్తం బాగా తక్కువగా ఉంది. ఇలాగే ఉంటే కాన్పులో నీకూ బిడ్డకూ కష్టం" అని స్పష్టంగా చెప్పింది. మాత్రలు మానకూడదు. శనగలు, పప్పులు, ఆకులు నిమ్మరసంతో తినాలి. తిన్న వెంటనే చాయ్ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి పట్టదు కనుక గంటసేపైనా ఆగాలి. ఇవీ ఆమె ఆదేశాలు.

లచ్చవ్వ ఆ రాత్రే కాబూలీ శనగలు నానబెట్టింది. కీర్తిశేషుడైన ఆమె భర్త కొమురయ్య గల్ఫ్‌లో క్యాంపు వంటశాలలో పనిచేసి, అక్కడి ఫలాఫెల్‌ను పొగుడుతూనే కాలం చేశాడు. చేసే పద్ధతి మాత్రం పూర్తిగా చెప్పలేదు. శనగలంటే మనకు గుగ్గిళ్లే కదా! తెల్లవారి మెత్తగా ఉడికించి, రుబ్బి, ఉండలు చేసి నూనెలో వేసింది. అవి మూకుట్లో కరిగి అంతర్ధానమయ్యాయి. మగ్గాల మేస్త్రీ జాబర్ సత్తయ్య తొంగిచూసి, "అవ్వా, నూనెకు పప్పు పెడుతున్నవా?" అన్నాడు. "నీ నోట్ల పెడత, జర ఆగు" అంది లచ్చవ్వ.

పచ్చి శనగల్నే నీళ్లు చుక్క లేకుండా, బరకగా రుబ్బాలని రెండోనాటికి గ్రహించింది. నానిన శనగల తడి తుడవడానికి ఇంట్లో వెతికితే అన్నీ పాలిస్టర్ గుడ్డలే. "ఊరంత బట్టనే పుడతది గదా పంతులన్నా, నీళ్లు పీల్చే పోగు ఒక్కటి లేదు" అని విసుక్కొని, కొమురయ్య పాత నూలు లుంగీ పరిచింది. కొత్తిమీర, పుదీనా, ఉల్లి, వెల్లుల్లి, జీలకర్ర దండిగా కలిపింది. స్వప్న తల తిప్పుకొనే ఆకులన్నీ ఆ ఉండల్లో మాయమయ్యాయి. మగ్గాల వాళ్లకు మూకుట్లో వేయించేది. కోడలికి మాత్రం గుంతపొంగణాల పెనంలో నాలుగు చుక్కల నూనెతో కాల్చేది. జొన్నరొట్టెలో రెండు ఫలాఫెల్‌లు చిదిమి, కీర, టమాటా, పచ్చి ఉల్లి పరిచి, నువ్వుల పచ్చడి పూసి, నిమ్మచెక్క పిండి చేతికిచ్చేది. బయట కరకర, లోపల చిలకపచ్చ! తిన్న డాక్టరమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. కారం వల్లనే లెండి.

వంట కుదిరింది. అసలు చిక్కంతా చాయ్ దగ్గర వచ్చింది. అన్నం తిన్న చేతితోనే గ్లాసు అందుకోవడం మెస్‌లో అందరి అలవాటు. లచ్చవ్వకైతే చాయ్ అంటే పంచప్రాణాలు. ఆ పరిమళం ఇంట్లో తిరుగుతుంటే స్వప్న ఎట్లా ఆగగలదు? ఒకరోజు లచ్చవ్వ పంక్తి మధ్య నిలబడి, "రేపటి సంది తిన్నంక గంట దాక ఈ ఇంట్ల చాయ్ బంద్" అని ప్రకటించింది.

"చాయ్ లేని మెస్ ఏంది అవ్వా, జైలా?" అన్నాడు సత్తయ్య.

"జైల్ల చాయ్ ఇస్తరురా. గాడికే పో."

నేను పెద్దరికంతో కల్పించుకున్నాను. "కోడలికి బంద్ చెయ్యి చెల్లె. మేమేం పాపం చేసినం?"

ఆమె గొంతు తగ్గించింది. "దానికొక్కదానికే బంద్ పెడితే శిక్ష అయితది పంతులన్నా. అందరికి పెడితే ఇంటి పద్ధతి అయితది. ఎవలు పోతే పోనియ్యి."

పోయారు. పక్క మెస్‌లో భోజనంతోపాటే చాయ్ పోసేవారు. ఆ నెలలో ఆమె పంక్తి సగం ఖాళీ అయింది. మెస్ తప్ప మరో ఆధారం లేని ఇల్లు అది. రవి భయపడి, "అమ్మా, గంట కాదు, పావుగంట అను" అని బతిమాలాడు. ఆమె వినలేదు. నేను మాత్రం ఒక్కనాడైనా ఆమె పంక్తి విడవలేదు. సరే, రెండు మూడుసార్లు సందు చివర చాయ్ తాగి, మూతి తుడుచుకొని వచ్చాను. ఆమె పసిగట్టింది గాని, ఒక నిమ్మచెక్క ఎక్కువ పిండి ఊరుకుంది.

స్వప్నకు రక్తం పట్టింది. కాన్పు క్షేమంగా జరిగి ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి వరండాలో, "నీ ఫలాఫెల్ రెండు ప్రాణాలు నిలిపింది చెల్లె" అని నేను గొంతెత్తి చాటబోయాను. "ఊకో పంతులన్నా. గోలీలు మింగింది అది, సూదులు పొడిపించుకున్నది అది. నేను శనగలు నానేసిన, అంతే" అని నా నోరు మూయించింది. వెళ్లిపోయిన కార్మికులందరూ తిరిగి వచ్చారని రాయాలని ఉంది. అందరూ రాలేదు. సత్తయ్య మాత్రం వచ్చి, ఏమీ అననట్టే విస్తరి ముందు కూర్చున్నాడు. ఆమె కూడా ఏమీ విననట్టే వడ్డించింది.

లచ్చవ్వా, నిన్ను గురించి పెంచి రాయడం ఈ ముసలివాని చాపల్యం. కాని ఒక కోడలిని పథ్యంలో ఒంటరిగా కూర్చోబెట్టలేక, ఇల్లంతటినీ, తనను కూడా ఆమె పక్కన కూర్చోబెట్టిన అత్తగారు మా పంక్తిలో వడ్డించిందన్న ఈ మాటలో నేను కలిపినది ఏమీ లేదు, తగ్గించుకోవలసినదీ లేదు. నీ చేతి రొట్టె తిన్నామని గర్వంగా చెప్పుకుంటాం. తిన్నంతసేపూ ఎదుట నిలబడి, ఒంటికి పట్టిందా లేదా అని చూసే ఆ చూపు ఇక మాకు ఎవరు వడ్డిస్తారు?