ఎత్తడం వరకే మనది

“దెబ్బ పడ్డదో తప్పిందో రేపు జెప్త” అన్నాడు ఆయన. “రేపు జెప్పినా అది పడ్డ దెబ్బే. ముందుగాల అన్నం తిను” అన్నాను నేను. నలభై ఏళ్ళకు పైగా కాపురం చేసిన ఇద్దరం చివరిసారిగా మాట్లాడుకున్న మాటలు ఇవే. తెల్లారి నేను పాలు తెచ్చేసరికి ఆయన నిద్రలోనే పోయి ఉన్నాడు. చేతికర్ర గోడకు ఆనించింది ఆనించినట్టే ఉంది.

ఏ దెబ్బ, ఎవరు కొట్టారు అని మీరు కంగారు పడకండి. అది ఫోనులో రాసుకునే ఆటలోని దెబ్బ. ఆ ఆటలో ఆయన వంతు ఆ రోజు నుంచి అలాగే ఆగిపోయింది. ఆయన పోయి ఏడాది దాటింది. నిన్న పొద్దున ఆయన ఫోనుకు, ఆటలో ఆయనకు ఎదురుగా ఆడే కోదాడ మనిషి నుంచి కబురు వచ్చింది. కదలకుండా పడి ఉన్న ఆటలన్నీ ఈ ఆదివారం మూసేస్తారట, ఇంట్లో ఎవరైనా అన్నగారి తరఫున జవాబు చెప్పగలిగితే చెప్పండి, లేదంటే అలాగే వదిలేద్దాం అని. అది చదివి వినిపించింది మా ఆడబిడ్డ, అంటే ఆయన చెల్లెలు. ఆత్మకూర్ బడిలో పంతులమ్మగా చేసి రిటైరైన మనిషి, ఇప్పుడు నాతోనే ఉంటోంది. నాకు సంతకం పెట్టడం, బస్సు బోర్డు మీద సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అన్న మూడు పేర్లు గుర్తుపట్టడం తప్ప చదువు రాదు కాబట్టి నేను చెబుతుంటే ఆమె రాస్తోంది. నా మాటల్ని పుస్తకం మాటల్లా సర్దుతానంది, సర్దుకోనివ్వండి. మనుషులు నోటితో అన్నవి మాత్రం అన్నట్టే రాయాలని ఒట్టు పెట్టించుకున్నాను.

నా గొంతు గరగరలాడుతోందని ఆమె నవ్వుతోంది. ఇది పుట్టుకతో వచ్చిన గొంతు కాదు, మిర్యాలగూడ రైసుమిల్లులో పోగొట్టుకున్న గొంతు. పెళ్ళయిన కొత్తలో ఆయన అక్కడ బస్తాలు మోసేవాడు, నేను నూకలు ఊడ్చేదాన్ని. ఆ మిషన్ల మోతలో పక్కనున్న మనిషిని పిలవాలన్నా గొంతు చించుకోవలసిందే. మీలో ఎవరైనా ఆ రోజుల్లో మిల్లుల్లో చేసి ఉంటే మీ గొంతు కూడా ఇలాగే ఉండి ఉంటుంది.

పెళ్ళికి ముందు ఆయన్ని నేను చూసింది నడిగూడెం దగ్గర మా ఊళ్ళో, పీర్ల పండుగకు కర్రసాము ఆడటానికి వచ్చినప్పుడు. కర్ర తిప్పుతుంటే మనిషి కనబడేవాడు కాదు, గాలి చప్పుడే వినబడేది. ఆ కర్ర వచ్చి ఎదుటివాడి చెవి పక్కన ఆగిపోయేది. కొట్టడం ఎవరికైనా వస్తుంది, ఆపడమే విద్య అని మా నాన్న అన్నాడు. ఆ మాటకే నాకు ఆయన మీద మనసయింది. తర్వాత మిల్లులో ఒక బస్తా జారి ఆయన ఎడమ మోకాలి మీద పడటంతో సాము పోయింది, మోత పనీ పోయింది. సూర్యాపేట వచ్చి ఒక గోదాముకు కావలి ఉన్నాడు. సాము తిప్పిన కర్రే చేతికర్ర అయ్యింది.

ముసలితనంలో కావలి పని కూడా మానేశాక ఆయన రోజంతా గోడను చూస్తూ కూర్చునేవాడు. అది చూడలేక మా బిడ్డ ఆయన ఫోనులో ఈ ఆట పెట్టి ఇచ్చింది. ఇందులో బొమ్మలుండవు, అంతా తెలుగు రాతే. ఒక్కొక్కరు ఒక్కో వేషం కట్టి, తమ మనిషి ఏం చేశాడో వంతులవారీగా రాయాలి. ఈయన ఒక కోట కావలివాడి వేషం తీసుకున్నాడు. ఆ కావలివాడికి రెండు కాళ్ళూ బాగున్నాయని మొదటి మాటగా రాసుకున్నాడు. ఎదురుగా కోదాడ నుంచి ఒకాయన దారిదోపిడీ దొంగగా వచ్చాడు. ఈయన ఐదో తరగతి చదువుతో, ఒక్క వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, మొదటి రోజే రాసి పంపాడు: “ఒక్కటే దెబ్బ కొట్టిన. తల పగిలింది. దొంగ సచ్చిండు. ఖతం.” రాసి, గెలిచానని నాతో చాయ్ పెట్టించుకున్నాడు.

చాయ్ చల్లారకముందే కోదాడ నుంచి జవాబు వచ్చింది. “అన్నగారూ, కర్ర ఎత్తడం మీ ఇష్టమండీ. నా తల సంగతి మాత్రం నన్ను చెప్పనివ్వండి.”

ఆ రోజు మా ఇంట్లో అన్నం ఎవరూ ముట్టలేదు. కర్రసాములో ఇంతమందికి పాఠం చెప్పినవాణ్ని నాకే నేర్పుతాడా అని ఆయన కోపం. అప్పుడు బిడ్డ ఫోన్లో ఆటపద్ధతి విడమరిచి చెప్పింది. నీ మనిషి దెబ్బ ఎత్తాడు, ఇటువైపు దించాడు అనేవరకే నువ్వు రాయాలి. అది తగిలిందా, జారిందా, రాసుకుపోయిందా అన్నది ఎదుటివాడు రాయాలి. అలాగని ఎదుటివాడు ప్రతి దెబ్బా తప్పించుకుంటూ పోతే వాడితో ఎవరూ ఆడరు. తప్పించుకోలేని దెబ్బను తగిలిందని తానే ఒప్పుకోవాలి, ఒప్పుకున్న గాయాన్ని ఆట అయ్యేదాకా మోయాలి. ఇదంతా విని ఆయన ఫోను పక్కన పెట్టాడు. చివరికి, “కండ్ల ముంగట ఆడితే ఊరంత సూస్తది. రాతల ఎవడు సూస్తడు? గందుకే మనంతల మనమే సక్కగుండాలె గదా” అన్నాడు. సాయంత్రం మళ్ళీ ఫోను తీసి, దొంగ తల మీద పడ్డ కర్రను వెనక్కి తీసుకున్నాడు. ఆ రోజు నుంచి కోదాడ ఆయన మా ఇంట్లో తమ్ముడైపోయాడు.

దగ్గరికి వచ్చి కొట్టుకునే కొట్లాట రాయడం చాలా కష్టమని మాకు అప్పుడు తెలిసింది. దూరం నుంచి బాణం వేసినట్టు రాయొచ్చు కానీ, ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత దగ్గర ఎవరి కాలు ఏ మెట్టు మీద ఉంది, ఏ చెయ్యి ఖాళీగా ఉంది అన్నది తప్పకుండా రాయాలి. ఒకరోజు ఆయన రాసింది చదివి వినిపించాడు. కావలివాడు ఒక చేత్తో దొంగ గొంతు పట్టుకున్నాడు, ఇంకో చేత్తో మణికట్టు పట్టుకున్నాడు, నడుములోంచి కత్తి తీశాడు. నేను బియ్యం ఏరుతూ ఏరుతూ, “మూడో చెయ్యి యాడికెళ్లి వచ్చింది?” అన్నాను. ఆయన తన చేతులు చూసుకున్నాడు, ముందు ఒకటి, తర్వాత రెండోది. ఆ తర్వాత నవ్వు ఆపుకోలేక దగ్గు వచ్చింది.

అప్పటి నుంచి పంపేముందు ప్రతి వంతూ నా ఒంటి మీదుగా పోవలసిందే. ఆయన మంచం మీద కూర్చుని చెబితే నేను చీపురు పట్టుకుని వాకిట్లో దొంగలా నిలబడేదాన్ని. కుడికాలు ముందుకు పెట్టు, చెయ్యి పైకెత్తు, ఇప్పుడు తిరుగు చూద్దాం అనేవాడు. తిరగరాకపోతే ఆ మాట కొట్టేసేవాడు. పక్కింటి ఆమె గోడ మీదుగా చూసి, “ఏందే అక్కా, గీ వయసుల మొగుణ్ణి చీపురుతోని సాపు జేస్తున్నవా?” అంది. “ఇన్నేండ్లకు నాకు వంతొచ్చిందే” అన్నాను. ఆయన నా కంటే గట్టిగా నవ్వాడు.

ఆ నవ్వులో ఒక సంగతి ఉంది. చెడ్డమనిషి కాదు గానీ, నా నోటి మాట కూడా తానే చెప్పడం ఆయనకు అలవాటు. ఆమెకు ఆకలి లేదంటాడు, ఆమె రాదంటాడు, ఆమెకు ఎర్రరంగే ఇష్టమంటాడు. ఎర్రచీరలు కట్టీ కట్టీ నాకూ అదే ఇష్టమేమో అనుకున్నాను. ఆట మొదలైన ఏడాది దసరాకు సూర్యాపేటలో చీరల దుకాణానికి పోయాం. ఏ రంగు తీయమంటారని దుకాణం ఆయన అడిగాడు. మా ఆయన నోరు తెరిచాడు, మూశాడు, నా వైపు తిరిగి, “నీ వంతు” అన్నాడు. ఆటలో ప్రతి రాత చివరా ఆ మాట రాయాలి లెండి, ఎదుటివాడికి చోటు వదిలినట్టు. దుకాణంలో నిలబడి ఒక రంగు పేరు కోసం నాలో నేను వెతుక్కున్నాను. ఆయన తొందర పెట్టలేదు, కర్ర మీద ఆనుకుని నిలబడ్డాడు. ఆకుపచ్చ అన్నాను. ఆ చీర ఇప్పటికీ పెట్టెలో ఉంది.

ఆటలో దొంగ ఒకసారి కావలివాడి ఎడమ మోకాలి మీద కాలితో తన్నాడు. కోదాడ తమ్ముడికి ఈయన కాలి సంగతి తెలియదు, కాకతాళీయంగా అలా పడింది. ఆయన రెండు రోజులు జవాబు రాయలేదు. ఆ కావలివాడికైనా మంచి కాలు ఉండాలని ఆశపడ్డాడని నాకు తెలుసు. మూడో రోజు తగిలిందని రాశాడు. ఇక అక్కడి నుంచి కావలివాడు కుంటుతూనే కొట్లాడాడు. మడవని మోకాలితో మెట్టు మీది నుంచి ఎలా లేవాలి, గోడను ఏ చేత్తో పట్టుకోవాలి, నొప్పి ముందు ఎక్కడ మొదలై ఎక్కడికి పాకుతుంది, అన్నీ ఆయన రాస్తుంటే చదివినవాళ్ళంతా మెచ్చుకున్నారు. కోదాడ తమ్ముడు, “అన్నగారూ, మీ దెబ్బ చదివితే నాకు నొప్పి పుట్టిందండీ” అని రాశాడు. ఆ మాటను ఆయన నాతో నాలుగుసార్లు చెప్పాడు.

ఇక చివరి దెబ్బ. కోట మెట్ల మీద కావలివాడు కింద, దొంగ పైన. ఈయన కొట్టిన కర్ర గురి తప్పి, చెయ్యి చాపి ఉంది. పైనుంచి దొంగ కర్ర కుడిభుజం మీదికి దిగుతోంది, నీ వంతు అని కోదాడ నుంచి వచ్చింది. ఆ సాయంత్రం ఆయన మంచం మీద కూర్చోలేదు. లేచి వచ్చి మా ఇంటి మూడు మెట్ల దగ్గర తానే నిలబడి, నన్ను పై మెట్టు మీద నిలబెట్టాడు. నేను చీపురు మెల్లగా దించాను. కుడివైపు గోడ. ఎడమవైపు తప్పుకోవాలంటే ఆ మోకాలి మీద బరువు వెయ్యాలి. చీపురు వచ్చి ఆయన భుజం మీద కూర్చుంది. “పడ్డది” అన్నాను. “మల్ల ఎత్తు” అన్నాడు. మళ్ళీ పడింది. మూడోసారి పడ్డప్పుడు ఆయన ఎడమచెయ్యి ఎత్తి చీపురు కొస పట్టుకుని, అలాగే కొంతసేపు వదలకుండా నిలబడ్డాడు. ఆ తర్వాతే రేపు చెబుతానన్నాడు.

ఆయన పోయిన సంగతి తెలిశాక, ఇక మీరే ముగించేయండని ఆటలోని వాళ్ళందరూ కోదాడ తమ్ముడికి చెప్పారట. తమ్ముడు మాత్రం, “అన్నగారి భుజం సంగతి నేను రాయనండీ” అన్నాడట. ఏడాదిగా ఆ కర్ర గాలిలోనే ఉంది.

ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. వాడిలా అనుకుంటున్నాడు, ఆమె అలాంటిది అని ఎదుటివాళ్ళ మాట కూడా మనమే తేల్చేస్తున్నాం. ఆగి, నీ వంతు అని చోటు వదిలేవాళ్ళు తక్కువయ్యారు. ఈ ఇంట్లో ఆ మాట అనేవాడు లేడు. పొద్దున లేచి కూర ఏం వండాలో నాకు నేనే చెప్పుకుంటాను, కాదనడానికి ఎవరూ ఉండరు. గెలుస్తున్నట్టే ఉంటుంది గానీ అందులో రుచి లేదు.

జవాబు రాయమంటే మా ఆడబిడ్డ కలం కింద పెట్టింది. “మా అన్న ఓడిండని నా చేత్తోని రాయమంటవా వదినా? కొద్దిగ రాసుకుంట పోయిందని రాద్దాం. ఎవరు సూసిండ్రు?” అంది. నేను చూశాను. చీపురు పట్టింది నేను. ఆయనకు తెల్లవారి ఉంటే ఆయన కూడా పడిందనే రాసేవాడు. మోకాలి దెబ్బకు రెండు రోజులు పట్టింది, దీనికి ఒక్క రాత్రి అడిగాడు, అంతే. తన నోటితో తాను చెప్పుకుందామనుకున్నాడు. అది నా నోటికి వచ్చింది. ఇన్నేళ్ళూ నా మాట ఆయన చెప్పాడు కదా, ఈ ఒక్క మాట ఆయనది నేను చెబుతాను.

రాయి మరదలా. కావలివాడి కుడిభుజం మీద దెబ్బ పడింది. కర్ర చేతిలోంచి జారింది. మెట్టు మీద కూలబడ్డాడు, ప్రాణం ఉంది. ఎడమచెయ్యి ఎత్తి దొంగ కర్ర కొస పట్టుకోబోయాడు. దొరికిందో లేదో మాకు తెలియదు, అది కోదాడ తమ్ముడు చెప్పాలి. నీ వంతు.

అయిపోయింది. నేను జెప్పింది గింతే, నీ కలం జర ఎక్కువసేపు నడిసినట్టుంది మరదలా. నాకు సదువు రాదు, నువ్వేం రాస్తే గదే కోదాడ పోతది. చెప్పుడు వరకే నాది. ఏదీ, “దెబ్బ పడింది” అన్నకాడికెళ్లి మొదలువెట్టి, ఒక్క అక్షరం మార్వకుండ సదువు, వింట.